ఇంక్‌జెట్‌తో వేసిన సౌరఘటపు పొర అంచున గట్టు కడుతుంటే ఏం చేయాలి?

సౌరఘటం (సోలార్ సెల్) కోసం ఐటీఓ గాజు (కరెంటు పారే పారదర్శక పూత ఉన్న గాజు) మీద ఇంక్‌జెట్‌తో వేసిన పెడాట్-పీఎస్ఎస్ (కరెంటు పారే పాలిమర్) పొర అంచున గట్టు కట్టి నడుమ పలచబడుతోందని, నాజిల్ (ఇంకు చుక్కను వదిలే సన్నని రంధ్రం) మార్చినా ఫలితం లేదని ఒంగోలు నుంచి రాశారు. నెల్లూరులో ఇదే పని చేస్తున్న అనుభవంతో చెబుతున్నాను: చుక్క తిన్నగా పడుతున్నప్పుడు చూడవలసింది నాజిల్‌ను కాదు, చుక్క ఆరే తీరును.

పళ్లెంలో ఒలికిన కాఫీ ఆరాక అంచున ముదురు గీత మిగిలినట్టే, ఇక్కడా ఇంకులోని నీరు అంచున త్వరగా ఆవిరవుతుంది. ఆ లోటు పూడ్చడానికి లోపలి ద్రవం బయటికి పారుతూ పదార్థాన్నంతా అంచుకు చేరుస్తుంది. 1997లో డీగన్ బృందం ‘నేచర్’ పత్రికలో వివరించింది ఈ ప్రవాహాన్నే. దీనికి ఎదురు ప్రవాహం పుట్టాలంటే, నీటికన్నా నెమ్మదిగా ఆరుతూ, తలతన్యత (ద్రవం పైపొరను బిగించి ఉంచే గుణం) నీటికన్నా తక్కువగా ఉండే ద్రావణిని ఇంకులో కొద్దిగా కలపాలి. ఇథిలీన్ గ్లైకాల్‌కు ఈ రెండు గుణాలూ ఉన్నాయి: అది మరిగేది 197 డిగ్రీల దగ్గర, తలతన్యత మీటరుకు సుమారు 48 మిల్లీన్యూటన్లు, నీటిదేమో 72. అంచున నీరు పోయి గ్లైకాల్ మిగిలేసరికి అక్కడ తలతన్యత పడిపోయి, అది ఎక్కువగా ఉన్న నడిమికి పైపొర ద్రవం మళ్లుతుంది. పైగా పొర వాహకత కూడా పెరుగుతుంది. చాలామంది కలిపే ఐసోప్రొపనాల్ 82 డిగ్రీలకే మరిగి ముందే ఎగిరిపోతుంది కనుక, గాజును తడపడానికి పనికొస్తుంది గాని అంచు గట్టుకు మందు కాదు.

త్వరగా ఆరాలని గాజు కింది పలకను బాగా వేడి చేస్తే గట్టు మరింత తేలుతుంది. వేడిని కొంచెం కొంచెంగా తగ్గించండి. మరీ తగ్గిస్తే చుక్కలు కలిసిపోయి అక్కడక్కడా ఉబ్బుతాయి. పది పికోలీటర్ల (పికోలీటరు అంటే లీటరులో లక్ష కోట్లవ వంతు) చుక్క గాలిలో దాదాపు 27 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) వ్యాసంతో ఉండి, గాజు మీద పడ్డాక వెడల్పవుతుంది. చుక్కల నడిమి దూరం ఆరిన మచ్చ వెడల్పుకన్నా తక్కువే ఉండాలి. యూవీ-ఓజోన్ శుద్ధి (అతినీలలోహిత కాంతి, ఓజోన్‌లతో గాజు మీది మలినాలను తొలగించడం) ముద్రణకు కాస్త ముందే చేయండి, ఆలస్యమైతే గాజు తడిసే గుణం తగ్గిపోతుంది.

మన కోస్తాలో ఇంకొకటి ఉంది. మే నెల వడగాలుల్లో కుదిరిన అమరికలు ఈశాన్య రుతుపవనాల ముసురులో పనిచేయవు. తేమ ఎక్కువైతే నీటి ఇంకు ఆలస్యంగా ఆరి, ఎక్కువ దూరం పాకుతుంది. అందుకే ముద్రించిన ప్రతి గాజు పలక వివరాల పక్కనా గది తేమ, ఉష్ణోగ్రత రాసి పెట్టుకుంటాను. ఆరిన గాజు పలకను ట్యూబ్‌లైటు కింద ఏటవాలుగా పట్టుకుని చూస్తే, చుక్కల వరుసల మధ్య లేత, ముదురు నీలి చారలు కంటికే కనిపిస్తాయి. చారలుంటే చుక్కల దూరాన్ని, అంచు మాత్రమే ముదురుగా ఉంటే గ్లైకాల్ పాళ్లను ముందుగా మార్చి చూడండి; రెంటినీ ఒకేసారి మాత్రం మార్చవద్దు.