అడగండి చెబుతాం: కలం పట్టిన కోచ్

ప్రశ్న: ఐర్లండ్ గేలిక్ ఫుట్‌బాల్‌లో ఓ జర్నలిస్టు మేనేజర్‌గా ఉండి జట్టును చాంపియన్‌ను చేశాడట. పేరున్న ఆటగాడు కూడా కాదంటున్నారు. ఎవరాయన? ఎలా సాధ్యమైంది?

జవాబు: ఆయన యూజీన్ మెగీ. లాంగ్‌ఫర్డ్ కౌంటీ మనిషి. యూనివర్సిటీ కాలేజ్ డబ్లిన్ జట్టుకు 1974, 75లలో వరుసగా అఖిల ఐర్లండ్ క్లబ్ టైటిళ్లు సాధించిపెట్టాడు. 1976లో ఆఫలీ కౌంటీ జట్టు బాధ్యత తీసుకున్నాడు. అందరూ 1982లో జరిగిన కౌంటీ జట్ల అఖిల ఐర్లండ్ ఫైనల్ గురించే చెబుతారు. నాకు మాత్రం దానికి ముందున్న ఓటములే ముఖ్యం. 1980 సెమీఫైనల్లో కెర్రీ కౌంటీ జట్టు చేతిలో 5 పాయింట్ల తేడాతో ఓడారు. 1981 ఫైనల్లో అదే కెర్రీ చేతిలో 7 పాయింట్ల తేడాతో. ఇంకొకరైతే వదిలేసి వెళ్లేవారు. మెగీ వెళ్లలేదు.

ఈ ఆటలో అప్పట్లో బంతి అడ్డకర్ర పైనుంచి పోతే ఒక పాయింటు, కిందనుంచి వలలో పడితే గోల్, అంటే 3 పాయింట్లు. 1982 సెప్టెంబర్ 19న డబ్లిన్‌లోని క్రోక్ పార్క్ స్టేడియంలో కెర్రీ వరుసగా ఐదో టైటిల్ కోసం దిగింది. అప్పటిదాకా ఎవరూ సాధించని ఘనత అది. రెండో సగంలో కెర్రీ పెనాల్టీని ఆఫలీ గోల్‌కీపర్ మార్టిన్ ఫర్లాంగ్ ఆపాడు. అయినా చివరి నిమిషాల్లో కెర్రీది 2 పాయింట్ల ఆధిక్యం. అప్పుడు సబ్‌స్టిట్యూట్‌గా వచ్చిన సీమస్ డార్బీ గోల్ కొట్టాడు. ఆఫలీ 1-15 (ఒక గోల్, 15 పాయింట్లు), కెర్రీ 0-17. అంటే 18కి 17! ఆ గోల్ వీడియో ఎన్నిసార్లు చూసినా, ఫలితం తెలిసి కూడా, నాకు టెన్షన్ తగ్గదు.

ఇక మీ రెండో ప్రశ్న. ఆటను బయట నిలబడి చూడటం, చూసింది మొహమాటం లేకుండా చెప్పడం విలేకరి పని. మేనేజర్‌కు కావాల్సిందీ అదేనని నా నమ్మకం. మెగీ లాంగ్‌ఫర్డ్ లీడర్ పత్రికను నడిపాడు, ఐరిష్ ఇండిపెండెంట్‌లో ఏళ్ల తరబడి కాలమ్ రాశాడు. 1990లో ఆయన మేనేజర్‌గా ఐర్లండ్ జట్టు ఆస్ట్రేలియాకు వెళ్లి ఇంటర్నేషనల్ రూల్స్ (గేలిక్, ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ నియమాలు కలిపి ఆడే ఆట) సిరీస్ గెలిచింది. కావాలని చేసే ఫౌల్స్‌కు శిక్షగా 2014లో వచ్చిన బ్లాక్ కార్డ్, ఆయన అధ్యక్షతన పనిచేసిన కమిటీ సిఫార్సే.

2019 మేలో ఆయన కన్నుమూశాడు. కెర్రీ చేజార్చుకున్న ఆ ఐదు వరుస టైటిళ్ల ఘనతను అదే ఏడాది సెప్టెంబర్‌లో డబ్లిన్ కౌంటీ జట్టు సాధించింది, అదీ కెర్రీనే ఓడించి. దాని మీద ఆయన కాలమ్ చదవాలని నాకు ఎంతగానో అనిపించింది.