తాళం తిప్పితే టకటక శబ్దమే: ముందు బ్యాటరీ టెర్మినళ్లు చూడండి

కారు తాళం తిప్పినప్పుడు ఇంజిన్ తిరగక టకటకమనే శబ్దం మాత్రమే వస్తోందని, డ్యాష్‌బోర్డు దీపాలు కూడా మసకబారుతున్నాయని మీరు రాశారు. ఈ రెండూ కలిసి కనిపిస్తే ఇంజిన్‌ను తిప్పి మొదలుపెట్టే స్టార్టర్ మోటారును అనుమానించే ముందు బ్యాటరీని చూడాలి. టెర్మినళ్ల (తీగలు బిగించే రెండు కొనల) చుట్టూ తెల్లగానో నీలిపచ్చగానో పొడి పేరుకుని ఉంటే, చేతులకు గ్లవ్స్ వేసుకుని, ముందు నెగటివ్ తీగను, తరువాత పాజిటివ్ తీగను విప్పి, వంటసోడా కలిపిన నీటిలో ముంచిన పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, పూర్తిగా ఆరాక పాజిటివ్‌ను ముందు బిగించండి. తీగను టెర్మినల్‌కు పట్టి ఉంచే క్లాంపు చేత్తో పట్టుకుంటే కదులుతోందా? సగం జబ్బు అక్కడే ఉంటుంది.

రాత్రంతా ఆపి ఉంచిన కారులో, వోల్టేజి కొలిచే మల్టీమీటరు 12.6 వోల్టుల దగ్గర చూపితే మామూలు బ్యాటరీ నిండుగా ఉన్నట్టు, 12.2కు దిగితే ఛార్జి దాదాపు సగమే. ఇంజిన్ నడుస్తున్నప్పుడు కూడా 13 దాటకపోతే, కొత్త బ్యాటరీ కొనే ముందు ఆల్టర్నేటరును (ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీని ఛార్జి చేసే భాగాన్ని) మెకానిక్‌కు చూపించండి.