కాల్ రాకపోతే మావాడిలోనే ఏదో లోపం ఉందా?

ప్రశ్న: మాది తాడిపత్రి, బండల పాలిష్ ఫ్యాక్టరీ నడుపుతున్నాను. మావాడు పోయినేడాది ఈసీఈ (ఎలక్ట్రానిక్స్ అండ్ కమ్యూనికేషన్)లో బీటెక్ పాసయ్యాడు, బ్యాక్‌లాగ్స్ లేవు. అప్పట్నుంచి నౌకరీ, లింక్డ్‌ఇన్, ఇండీడ్‌లలో అప్లై చేస్తూనే ఉన్నాడు, ఒక్క కాల్ రాలేదు. బెంగళూరులో ఒక కన్సల్టెన్సీ వాళ్లు రెండు లక్షలు కడితే మూడేళ్ల ఎక్స్‌పీరియన్స్ పెట్టి జాబ్ ఇప్పిస్తామంటున్నారు. మావాడేమో డేటా సైన్స్ కోర్సు చేస్తానంటాడు, దానికీ ఇంచుమించు అంతే అవుతుంది. రెండింట్లో ఏది మేలు? అసలు వాడు సీరియస్‌గా ట్రై చేస్తున్నాడా అని కూడా నాకు అనుమానం.

జవాబు: అన్నా, మీ చివరి మాట నుంచే మొదలుపెడతాను. అనంతపురం నుంచి రాసినా, కర్నూలు నుంచి రాసినా తల్లిదండ్రులు డబ్బు లెక్కలన్నీ అడిగాక చివర్లో ఈ అనుమానమే రాస్తారు, అసలు బాధ అక్కడే ఉంటుంది. మీవాడు ట్రై చేస్తున్నాడు. కాల్ రాకపోవడానికి కారణాలు చాలావరకు వాడి చేతిలో లేవు.

ఈ సైట్లలో ఒక ఫ్రెషర్ ఉద్యోగం పడితే గంటల్లోనే వందల అప్లికేషన్లు వస్తాయి, ఎందుకంటే ఒక్క నొక్కుతో అప్లై చేసే వీలుంది. హెచ్ఆర్ మనిషి అన్నీ చదవదు, కొన్ని పదాలు కొట్టి వెతుకుతుంది, పైన కనిపించిన కొన్ని తెరుస్తుంది, సరిపడా మంది దొరికితే అక్కడితో ఆపేస్తుంది. మన అనంతపురం మార్కెట్ యార్డుకి చీనీ కాయలు విపరీతంగా వచ్చిన రోజు వెనక కుప్పల దగ్గరికి వ్యాపారి రాకపోతే ఆ కాయ పుచ్చిందని అర్థమా? పైగా భర్తీ అయిపోయిన ఉద్యోగాల ప్రకటనలు కూడా తీసేయకుండా అట్లే ఉంటాయి, కొన్ని కన్సల్టెన్సీలు రెజ్యూమెలు పోగేసుకోవడానికే ప్రకటనలు వేస్తాయి. ‘ఫ్రెషర్’ అని పైన రాసి కింద రెండేళ్ల అనుభవం అడిగేవీ ఉంటాయి. సెలెక్ట్ కాలేదని చెప్పే మర్యాద కూడా చాలా కంపెనీలకు లేదు. రోజూ ఈ మౌనంలో కూర్చున్న పిల్లాడిని సాయంత్రం ఇంటికొచ్చి ‘ఏమైనా వచ్చిందా’ అని అడుగుతున్నారు కదూ? దయచేసి ఆపండి. బంధువుల ముందు వాడి గురించి మాట్లాడటం కూడా. కోపం తెచ్చుకున్నా సరే, ఇది చెప్పక తప్పదు: వాడు ఆ కోర్సు అడుగుతున్నది ఇష్టంతోనో, మీ ముఖం చూడలేకనో ముందు కనుక్కోండి.

ఇక మూడేళ్ల దొంగ అనుభవం. వద్దు. పీఎఫ్ ఖాతాకి ఉద్యోగికి ఇచ్చే యూఏఎన్ నంబర్ కింద ఎవరు ఏ కంపెనీలో ఎప్పట్నుంచి ఎప్పటిదాకా పనిచేశారో ఉంటుంది, బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో చాలా కంపెనీలు అదే అడుగుతాయి. చేరిన కొన్ని నెలలకు బయటపడినా తీసేస్తారు. అప్పుడు రెండు లక్షలూ పోతాయి, పేరూ పోతుంది, కన్సల్టెన్సీ వాడు ఫోన్ ఎత్తడు. ఉద్యోగం కోసం ముందే డబ్బు అడిగితే, అది రిజిస్ట్రేషన్ ఫీజైనా, ల్యాప్‌టాప్ డిపాజిటైనా, అక్కడితో మాట ఆపేయండి. ఇప్పటికే ఆన్‌లైన్‌లో ఎవరికైనా కట్టి మోసపోయుంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

డేటా సైన్స్ దాంతో పోలిస్తే నిజాయితీ దారే, కానీ నాకు దాని మీద కూడా పెద్ద నమ్మకం లేదు. నేర్చుకోదగ్గ విషయమే. అయితే ఆ పేరుతో ఉన్న ఉద్యోగాలు ఎక్కువగా అనుభవం ఉన్నవాళ్లనో, లెక్కలు స్టాటిస్టిక్స్ గట్టిగా చదివినవాళ్లనో అడుగుతాయి. కొన్ని నెలల కోర్సు చేసి వచ్చినవాడు మళ్లీ అదే సైట్‌లో, అదే వరసలో, తనలాంటి సర్టిఫికెట్ ఉన్న వందలమంది మధ్య నిలబడాలి. పోస్టర్ మీద ప్లేస్‌మెంట్ గ్యారంటీ అంటారు, సంతకం పెట్టే కాగితంలో ‘అసిస్టెన్స్’ అని, అంటే సాయం మాత్రమే అని ఉంటుంది. ఫీజు ఈఎంఐ అంటే చాలాసార్లు ఫైనాన్స్ కంపెనీ లోను, కోర్సు మధ్యలో మానేసినా కిస్తీ ఆగకపోవచ్చు. ఆసక్తి నిజంగా ఉంటే పైథాన్, ఎస్‌క్యూఎల్ ముందు ఉచితంగా నేర్చుకోమనండి, ఐఐటీల ఆన్‌లైన్ పాఠాల వేదిక ఎన్‌పీటెల్‌లో పాఠాలున్నాయి. రెండు నెలల తర్వాత కూడా కూర్చోగలిగితే అప్పుడు కోర్సు సంగతి మాట్లాడదాం.

వాడు చదివింది ఈసీఈ. 2019 నుంచి పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీ నడుస్తోంది, దాని చుట్టూ విడిభాగాల కంపెనీలున్నాయి. తాడిపత్రి చుట్టుపక్కలే సిమెంటు, స్టీలు ప్లాంట్లున్నాయి. ఇన్‌స్ట్రుమెంటేషన్, క్వాలిటీ, మెయింటెనెన్స్ పనులు వాడు చూశాడా? ‘సాఫ్ట్‌వేర్ కాకపోతే ఉద్యోగమే కాదు’ అన్న మాట మీ ఇంట్లో ఎవరు అన్నారో మీకే తెలుసు. కేంద్ర ప్రభుత్వ అప్రెంటిస్ శిక్షణ పథకం ఎన్ఏటీఎస్ పోర్టల్‌లో గ్రాడ్యుయేట్ అప్రెంటిస్‌గా రిజిస్టర్ చేయించండి, స్టైపెండ్ తక్కువే, కానీ ఏడాది తర్వాత చేతిలో ఉండేది నిజమైన అనుభవం. బెంగళూరులో ఉన్న కాలేజీ సీనియర్లకు ఫోన్ చేయమనండి. రెఫరల్‌తో, అంటే లోపల పనిచేసేవాళ్ల సిఫారసుతో వెళ్లిన రెజ్యూమెను తెరిచి చూసే అవకాశం ఎక్కువ, చాలా కంపెనీలు రిఫర్ చేసిన ఉద్యోగికి బోనస్ కూడా ఇస్తాయి కాబట్టి మొహమాటం అక్కర్లేదు. సైట్లు మానేయక్కర్లేదు, రోజుకు ఒక గంట చాలు, కొత్తగా పడిన వాటికే, ఆ ప్రకటనలో అడిగిన పదాలు తనకు నిజంగా వచ్చినవైతే రెజ్యూమెలో కనిపించేలా మార్చి పంపాలి.

ఈసారి మీరు కాదు, అబ్బాయినే రాయమనండి. రెజ్యూమె, ఫైనల్ ఇయర్ ప్రాజెక్టులో తను సొంతంగా చేసిన భాగం, ఈ నెలలో అప్లై చేసిన పది ఉద్యోగాల వివరాలు పంపితే ఎక్కడ ఆగిపోతున్నాడో చూసి చెబుతాను.