ఆ తాత నంబరు ఎంత?

చి. అమ్మాయికి ఆశీస్సులు.

దక్షిణాఫ్రికా చెరకు తోటలకు ఒప్పందం కూలీగా వెళ్లిన తాత మీద నువ్వు రాసిన కథ రెండుసార్లు చదివాను. డర్బన్ రేవులో తాత మూట ఎవరికీ ఇవ్వనని పంతం పట్టే చోటు బాగుంది. మూడో పేజీ దగ్గర మాత్రం ఆగిపోయాను. 1896లో 'చిత్తూరు జిల్లా' మనిషిని 'ట్రూరో' ఓడ ఎక్కించావు. చిత్తూరు జిల్లా ఏర్పడింది 1911లో. అంతకుముందు చిత్తూరు ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేది. ఇక ట్రూరో, మద్రాసు నుంచి మొదటి కూలీలతో 1860 నవంబరు 16న డర్బన్ చేరిన ఓడ. ఈ పొరపాట్లు కనబడ్డాక తాత కన్నీళ్లు నన్ను తాకలేదు.

ముందు ఓడ జాబితా చూడు, అంటే ఓడలో వెళ్లిన కూలీల పట్టిక. మనిషికో వరస ఉంటుంది: కూలీకిచ్చిన నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఠాణా, ఊరు, ఎత్తు, ఒంటి మీది మచ్చలు. పేరును నమ్ముకోకు. గుమాస్తా తన చెవికి వినబడినట్టు ఇంగ్లీషులో రాసుకున్నాడు. పెళ్లి కాగితంలో అదే పేరు మరోలా ఉంటుంది. నంబరు మారదు, దాన్ని పట్టుకుని ఒక్కో కాగితం దాటు. ఊరి పేరు తెలియకపోతే గట్టిగా పైకి చదువు, పైనా కిందా ఉన్న వరసలు చూడు. వయసు అంచనాగా వేసిందే.

ఇంటిపేరుకు అందులో గడే లేదు. అందుకే అక్కడ నాయుడు, రెడ్డి అన్నవే ఇంటిపేర్లై కూర్చున్నాయి. నీ కథలో మనవరాలు జాబితాలో ఇంటిపేరు చూసి ఏడ్చింది. ఆ గడి లేదని తెలిసిన క్షణం రాయి.

'అంకెలు తీసేయండి, ఆర్ద్రత పెంచండి' అనే సంపాదకుల మాట వినకు. వాళ్ల పుణ్యమా అని మన వలస కథలన్నిటిలో ఒకే సర్దారు (కూలీల మీద మేస్త్రీ), ఒకే కొరడా. నీ తాత జీతం మొదటి ఏడు నెలకు 10 షిల్లింగులు, ఏడాదికొకటి పెరిగి ఐదో ఏట 14. అక్కడి 1895 చట్టం ప్రకారం, ఒప్పందం గడువు తీరాక ఇంటికి వెళ్లనివాడు, మళ్లీ ఒప్పందం రాయనివాడు ఏటా 3 పౌండ్లు కట్టాలి. అంటే 60 షిల్లింగులు, మొదటి ఏటి లెక్కన ఆరు నెలల జీతం! 1903లో ఆ పన్ను 16 దాటిన కొడుకులకూ, 13 దాటిన కూతుళ్లకూ పాకింది. 1914 దాకా పోలేదు. ఇవన్నీ వదిలి, తాత 'ఆ నేల మీద మమకారంతో' ఉండిపోయాడని ఒక్క వాక్యంలో తేల్చేశావు. పన్ను కట్టాడా, మళ్లీ చెరకు తోటకే వేలిముద్ర వేశాడా? నీ కథంతా అక్కడుంది, అమ్మా.

ఆ నంబరు దొరికాక మూడో పేజీ నుంచి తిరగరాసి పంపు.