వాలెట్ వారి చేతిలో ఉండగా క్లచ్ పోతే ఖర్చు ఎవరు భరించాలి?

పెళ్లి రిసెప్షన్‌కు వెళ్లి హోటల్ గుమ్మం దగ్గర, అతిథుల కార్లు తీసుకెళ్లి పార్కు చేసే వాలెట్ కుర్రవాడికి కారు తాళం ఇచ్చారు. తిరిగి బయలుదేరే సమయానికి కారు సెల్లార్ ర్యాంపు మీదే ఆగిపోయింది, క్లచ్ పట్టడం లేదన్నారు. ‘ఎనిమిదేళ్ల బండి, ఎప్పుడో ఒకప్పుడు పోయే పార్టే’ అంటున్న హోటల్ వారు టోకెను వెనుక అచ్చువేసిన ‘ఓనర్ రిస్క్’ అనే మాటను చూపిస్తున్నారు. ఇప్పుడు ఈ ఖర్చు ఎవరు పెట్టుకోవాలన్నది మీ ప్రశ్న. దాదాపు ఇలాంటి తగాదానే నేను హైదరాబాద్‌లో ఒక ఫంక్షన్ హాలు వారితో పడ్డాను. నేను న్యాయవాదిని కాను గాని, ఆ సందర్భంలో చదివినదీ, మెకానిక్ దగ్గర నిలబడి చూసినదీ మీకు పనికి వస్తాయని రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెబుతాను. పార్టు పోయిన సమయానికి కారు ఎవరి ఆధీనంలో ఉందన్నది ఒక ప్రశ్న, ఆ పార్టు ఎందువల్ల పోయిందన్నది మరో ప్రశ్న. మొదటి ప్రశ్నలో చట్టం మీ వైపే ఉంది. రెండో ప్రశ్నను తేల్చగలిగేది మాటలు కావు, గేర్‌బాక్స్ దించినప్పుడు బయటికి వచ్చే క్లచ్ ప్లేటు, అది ఆనుకుని తిరిగే ఇంజన్ చక్రమైన ఫ్లైవీలు. కాబట్టి అవి ఇంకా బండిలోనే ఉన్నట్లయితే, హోటల్ తరఫు మనిషి ఎదురుగా ఉన్నప్పుడు తప్ప విప్పవద్దని సర్వీస్ సెంటర్ వారికి ఈ రోజే రాతపూర్వకంగా చెప్పండి.

చట్టం సంగతికి వస్తే, తాళం ఇచ్చి టోకెను తీసుకోవడంతో మీ కారు భారత కాంట్రాక్టు చట్టం, 1872 ప్రకారం హోటల్ వారి సంరక్షణలోకి వెళ్లినట్లు లెక్క. సెక్షన్ 151 ప్రకారం, వివేకం గల సాధారణ వ్యక్తి అటువంటి సొంత వస్తువును ఎంత జాగ్రత్తగా చూసుకుంటాడో, మన వస్తువును తన దగ్గర ఉంచుకున్నవాడు కూడా అంత జాగ్రత్తగా చూసుకోవాలి. ఆ జాగ్రత్త తీసుకున్నాక కూడా నష్టం జరిగితే, వేరే ఒప్పందం లేనంత వరకు, అతనికి బాధ్యత లేదని సెక్షన్ 152 చెబుతుంది. డబ్బు కట్టినా కట్టకపోయినా మీరే స్లాటు వెతుక్కుని, బండి నిలిపి, తాళం జేబులో వేసుకుని వెళ్లే పార్కింగ్ వేరు. అక్కడ ఎదుటివాడు మీకు ఇచ్చింది స్థలం మాత్రమే కాబట్టి ఇదే వాదన అంత తేలికగా నిలబడదు.

ఈ విషయంలో చెప్పుకోదగ్గ తీర్పు తాజ్ మహల్ హోటల్, యునైటెడ్ ఇండియా ఇన్సూరెన్స్ కంపెనీల మధ్య నడిచిన కేసులో సుప్రీంకోర్టు 2019 నవంబర్ 14న ఇచ్చినది. 1998 ఆగస్టు 1 రాత్రి న్యూఢిల్లీలోని ఆ హోటల్‌కు వచ్చిన ఒక అతిథి తన మారుతి జెన్‌ను వాలెట్‌కు అప్పగించగా, దాన్ని వేరేవారు తీసుకుని ఉడాయించారు. బీమా కంపెనీ యజమానికి 2.80 లక్షల రూపాయలు చెల్లించి, ఆ సొమ్ము కోసం హోటల్ మీదికి వెళ్లింది. అతిథి బండికి ఏమైనా హోటలే పూర్తిగా పూచీ పడాలన్న పాత ఇంగ్లీషు సూత్రాన్ని కోర్టు అంగీకరించలేదు, అలాగని హోటల్‌ను వదిలిపెట్టనూ లేదు. అప్పగించిన స్థితిలో బండిని తిరిగి ఇవ్వలేకపోతే, అది తన నిర్లక్ష్యం వల్ల జరగలేదని చూపించవలసిన భారం ముందుగా హోటల్‌దేనని చెప్పింది. టోకెను మీద ‘ఓనర్ రిస్క్’ అని అచ్చు వేసినంత మాత్రాన తన నిర్లక్ష్యం నుంచీ, తన సిబ్బంది నిర్లక్ష్యం నుంచీ తప్పించుకోలేదని కూడా స్పష్టం చేసింది. వాలెట్ ఉచితం కదా అన్న వాదన సైతం నిలవలేదు, ఎందుకంటే ఆ సేవ ఖరీదు గది అద్దెలోనూ భోజనం బిల్లులోనూ కలిసే ఉంటుంది.

అది దొంగతనం కేసు, మీది పార్టు పోయిన కేసు. దొంగతనంలో బండి లేకపోవడమే నష్టానికి సాక్ష్యం. పార్టు విషయంలో అరుగుదల అనే మూడో ముద్దాయి ఉంటాడు కాబట్టి హోటల్ వారికి చెప్పుకోవడానికి ఒక మాట దొరుకుతుంది. పైగా అదే కాంట్రాక్టు చట్టంలోని సెక్షన్ 150 మన మీద కూడా ఒక బాధ్యత పెట్టింది. వస్తువులో ఉన్న లోపం మనకు తెలిసి ఉండి, అది వాడకానికి గట్టిగా అడ్డుపడేదో, తీసుకునేవాడిని అసాధారణమైన ప్రమాదంలో పడేసేదో అయితే, అప్పగించేటప్పుడే చెప్పాలి. చెప్పకపోతే దానివల్ల నేరుగా కలిగే నష్టానికి మనదే పూచీ. బ్రేకు కిందికి జారుతోందని తెలిసీ చెప్పకుండా తాళం ఇచ్చినవాడు, ఆ కుర్రవాడు బండిని గోడకు గుద్దాక హోటల్‌ను నిలదీయడం కష్టం, కుర్రవాడికి దెబ్బ తగిలితే మరీ కష్టం. మీ సర్వీస్ రికార్డులో ‘క్లచ్ మార్చాలి’ అని ఇంతకు ముందే ఎవరైనా రాశారేమో చూసుకోండి, ఎదుటివారు మొదట అడిగేది అదే.

ఇక నా అనుభవం. నాది డీజిల్ హ్యాచ్‌బ్యాక్, అప్పటికి డెబ్బై వేల కిలోమీటర్లు దాటింది, క్లచ్ కంపెనీ నుంచి వచ్చినదే. ఆ సాయంత్రం నలుగురం కూర్చుని ఫ్లైఓవర్లు ఎక్కి దిగి వెళ్లినా ఎక్కడా జారలేదు. రాత్రి పది దాటాక ఒకేసారి అందరూ టోకెన్లు ఇవ్వడంతో రెండో సెల్లార్ నుంచి బండ్లు ర్యాంపు మీద బారులు తీరాయి. ఇటువంటి చోట ఓపిక ఉన్న డ్రైవరు హ్యాండ్‌బ్రేకు వేసి ఆగుతాడు, తొందరలో ఉన్నవాడు హాఫ్ క్లచ్ మీద, అంటే క్లచ్ పెడల్‌ను సగమే వదిలి, యాక్సిలరేటర్ తొక్కి పట్టి బండిని ఏటవాలు మీద నిలబెడతాడు. మా బండిని నడిపినతను రెండో పద్ధతే పట్టాడు. పైన నిలబడి చూస్తున్న మాకు ముందు కాలిన వాసన వచ్చింది, తరువాత ఇంజన్ హోరు పెరిగింది గాని బండి మాత్రం వెనక్కి జారడం మొదలుపెట్టింది. ఆ కుర్రవాడి మీద నాకు కోపం రాలేదు. ఒక్క రాత్రిలో రకరకాల బండ్లు, రకరకాల పెడళ్లు అతని కాలి కిందికి వస్తాయి, పైనుంచి సూపర్‌వైజరు అరుస్తూనే ఉంటాడు. కోపమంతా మరునాడు ఫోనులో ‘మీ బండి ముందే పాడై ఉంది’ అన్న మేనేజరు మీదే వచ్చింది.

మా మెకానిక్ షెడ్డులో, ఫంక్షన్ హాలులో వాలెట్ పని చూసే ఏజెన్సీ సూపర్‌వైజరు ఎదురుగానే గేర్‌బాక్స్ దించారు. ఇక్కడ కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే మీ కేసు కూడా ఇక్కడే తేలుతుంది. ఏళ్ల తరబడి వాడకం వల్ల అరిగిన క్లచ్ ప్లేటు చుట్టూ ఒకే తీరుగా పలచబడుతుంది, చివరికి రివెట్లు బయటపడి ఫ్లైవీలును గీరుతాయి. ఒక్కసారిగా కాల్చేసిన ప్లేటు తీరు వేరు. ప్లేటు మీది రాపిడి పొర అయిన లైనింగు ఇంకా మందం ఉన్నా నల్లబడి గాజులా మెరుస్తుంది లేదా పెళుసెక్కి రాలిపోతుంది. క్లచ్ ప్లేటును ఫ్లైవీలుకు అదిమి పట్టే ప్రెషర్ ప్లేటు మీదా, ఫ్లైవీలు మీదా నీలం మచ్చలు కనిపిస్తాయి. ఉక్కు సుమారు 300 డిగ్రీల సెల్సియస్ వేడికి ఆ రంగు తిరుగుతుంది, మామూలు నడకలో క్లచ్‌కు అంత వేడి ఎక్కదు. మా బండిలో రివెట్ల పైన లైనింగు దాదాపు మూడో వంతు మిగిలే ఉంది, నీలం మచ్చలు మాత్రం ఎవరూ కాదనలేనంత స్పష్టంగా ఉన్నాయి. సూపర్‌వైజరు తన ఫోనుతోనే ఫోటోలు తీసుకున్నాడు, ఆ తరువాత ‘ముందే పాడై ఉంది’ అన్న మాట మళ్లీ వినపడలేదు.

అయితే మిగిలింది మూడో వంతే కాబట్టి, కొత్త ప్లేటు పూర్తి ఖరీదు వారి నుంచి రాబట్టడం నాకే న్యాయంగా తోచలేదు. నష్టపరిహారం అంటే పోయినదాన్ని పూడ్చడమే, పాతదానికి బదులు కొత్తదాన్ని ఊరికే ఇప్పించడం కాదు. చివరికి ప్లేటు ఖరీదు నేను పెట్టుకున్నాను, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగు, ఫ్లైవీలు ముఖం చదును చేసే ఫేసింగు, మజూరీ, టోయింగ్ ఖర్చు వారు ఇచ్చారు. మీ ప్లేటు రివెట్ల దాకా అరిగిపోయి, ఎక్కడా వేడి గుర్తులు లేకపోతే, అది ర్యాంపు మీద పోకపోయినా వచ్చే నెల ఏ సిగ్నల్ దగ్గరో పోయేదే. అప్పుడు టోయింగ్‌కు మించి అడగడం నా దృష్టిలో దండగ.

విప్పక ముందు కూడా ఒక తేడా గమనించవచ్చు. యాక్సిలరేటర్ తొక్కితే ఇంజన్ హోరెత్తుతూ బండి కదలకపోతే ప్లేటు జారుతున్నట్లు. అలా కాకుండా క్లచ్ పెడల్ నేలకు అంటుకుపోయి గేరే పడకపోతే, చాలా బండ్లలో అది హైడ్రాలిక్ సిలిండరు సీలు కారడం వల్ల జరుగుతుంది, దానికి కారణం వయసే గాని నడిపినవాడి కాలు కాదు. మీరు రాసినదాన్ని బట్టి మీది మొదటి రకమనిపిస్తోంది, ఒకసారి ఖాయం చేసుకోండి.

వేరే పార్టుల విషయంలో తూకం మారుతుంది. బ్యాటరీ చచ్చిపోతే, లైట్లు వేసి వదిలేశారని చూపగలిగితే తప్ప, అది మన ఖాతాలోనే. టైరు పక్కగోడ ర్యాంపు అంచుకు కోసుకుపోతే దాదాపు ఎప్పుడూ నడిపినవాడిదే. ఇంజన్ అడుగున ఉండే ఆయిల్ సంపుకు దెబ్బ తగిలి, ఎర్రదీపం వెలిగినా అలాగే నడిపి ఇంజన్ పట్టేస్తే, దెబ్బ కన్నా ఆ తరువాత నడపడమే పెద్ద నిర్లక్ష్యం. వానాకాలంలో మన సెల్లార్లలోకి నీళ్లు వచ్చినప్పుడు మునిగిన బండిని బయటికి తేవాలన్న ఆత్రంలో స్టార్ట్ చేస్తే, సిలిండరులో చేరిన నీరు గాలిలా కుదించుకుపోదు గనుక ఇంజన్ లోపలి కనెక్టింగ్ రాడ్ వంగుతుంది, ఆ బిల్లు క్లచ్ బిల్లుకు ఎన్నో రెట్లు.

బీమా మీద మాత్రం ఆశ పెట్టుకోకండి. మామూలు మోటారు పాలసీలో అరుగుదల, యాంత్రిక లేదా విద్యుత్ వైఫల్యం, దాని పర్యవసానంగా కలిగే నష్టం కవర్ కావు. టైరు ఒక్కటే దెబ్బతింటే పైసా రాదు, బండితోపాటు దెబ్బతింటే సగం ఖరీదు వస్తుంది. వాలెట్ వారు బండిని గుద్దిన సందర్భంలో క్లెయిము వస్తుంది గాని, తప్పు వారిదైనా క్లెయిము చేయనందుకు ప్రీమియంలో దొరికే మీ నో క్లెయిమ్ బోనస్ పోతుంది, కాబట్టి చిన్న నష్టమైతే నేరుగా వారినే అడగడం మేలు.

హోటల్ వారు ‘వాలెట్ మాది కాదు, ఏజెన్సీది, వారితో మాట్లాడుకోండి’ అనవచ్చు, నాతో ఫంక్షన్ హాలు వారు అన్నది అదే. వారి గుమ్మం దగ్గర, వారి అతిథికి, వారి పేరున్న టోకెనుతో ఇచ్చిన సేవకు మీ పట్ల జవాబుదారీ వారిదే. ఏజెన్సీ నుంచి రాబట్టుకోవడం వారూ వారూ చూసుకోవలసిన లెక్క. నోటీసు మాత్రం ఇద్దరికీ పంపండి. అందులో టోకెను నంబరు, తాళం ఇచ్చిన, తీసుకున్న సమయాలు, చివరి సర్వీస్ బిల్లు, మెకానిక్ సంతకంతో ఉన్న నివేదిక, పాత పార్టుల ఫోటోలు చేర్చి, ర్యాంపు దగ్గరి సీసీటీవీ దృశ్యాలు భద్రపరచమని ప్రత్యేకంగా కోరండి. పాత దృశ్యాల మీద కొత్తవి రికార్డవుతూ పోతాయి కాబట్టి మిగతావి ఆలస్యమైనా ఈ ఒక్క కోరిక వెంటనే ఈమెయిల్‌లో వెళ్లాలి.

వారు దిగిరాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు నివసించే చోటే ఫిర్యాదు వేయవచ్చు, గడువు రెండేళ్లు, సేవకు చెల్లించిన మొత్తం 5 లక్షల రూపాయల లోపు అయితే ఫీజు లేదు, ముందుగా 1915 నంబరు హెల్ప్‌లైన్‌లో నమోదు చేయించుకుని చూడవచ్చు. ‘బిల్లు కట్టింది పెళ్లివారు, మీరు మా కస్టమరే కాదు’ అని వారు అంటే కంగారు పడవద్దు, డబ్బు చెల్లించినవారి సమ్మతితో సేవ పొందినవారు కూడా ఆ చట్టం దృష్టిలో వినియోగదారులే. పెళ్లివారి దగ్గర హాలు బుకింగ్ రసీదు కాపీ ఒకటి అడిగి తీసుకుని ఫిర్యాదుకు జత చేయండి.