పాఠకుల ప్రశ్నలు: సీటు కవర్లకు డబుల్ నీడిల్ మిషన్

ప్రశ్న: కార్ల సీటు కవర్లు కుడతాను. ఉన్నది సింగిల్ నీడిల్ వాకింగ్ ఫుట్ (పై పాదం కూడా నడిచే) మిషన్. జోడు కుట్టు (పక్కపక్కన రెండు వరసలు) కావాలని కస్టమర్లు అడుగుతున్నారు. ఒకే మిషన్ మీద రెండుసార్లు కుడితే వరసలు సమంగా రావడం లేదు. జీన్సు కుట్టిన పాత డబుల్ నీడిల్ మిషన్ ఒకటి చవకగా వస్తోంది. తీసుకోవచ్చా?
– ఒక పాఠకుడు, ఆటోనగర్, విజయవాడ

జవాబు: తీసుకోకండి. సూదులు ఎన్నున్నాయని కాదు, సరుకును ఎలా లాగుతుందని చూడాలి. జీన్సు మిషన్లలో, జూకీ ఎల్‌హెచ్-3128 లాంటి వాటిలో, సూదీ కింది పళ్లూ కలిసి గుడ్డను నడుపుతాయి. పై పాదం మాత్రం నొక్కిపట్టి ఊరుకుంటుంది. జీన్సు గుడ్డయితే దాని కింద జారిపోతుంది. రెక్సిన్ పాదానికి అతుక్కుంటుంది కాబట్టి పై పొర వెనకబడి, కింది పొర ముందుకు పోతుంది. ఆ మిషన్‌కు పట్టే డీపీ×5 సూది కూడా సీటు మీద వేసే లావు దారానికి తగినది కాదు.

మీకు కావలసింది పాదం, సూది, పళ్లు మూడూ కలిసి కదిలే మిషన్. జూకీ ఎల్‌యూ-1560ఎన్ ఆ తరహాది: 135×17 సూది, 9 మి.మీ. దాకా కుట్టు పొడవు. అలాంటిది సెకండ్ హ్యాండ్‌లో దొరికినా ఆ జీన్సు మిషన్ కన్నా నయం.

కొనేచోట వాళ్లిచ్చిన గుడ్డ మీద కుట్టి చూసి సరిపెట్టుకోకండి. మీ రెక్సిన్, మీ ఫోమ్, మీ దారమే తీసుకెళ్లండి. 50 సెం.మీ. రెక్సిన్ పట్టీలు రెండు సరిసమానంగా కోసి, ఒకదాని మీద ఒకటి పెట్టి, గమ్ వేయకుండా, చేత్తో లాగకుండా కుట్టండి. చివర్లో రెండు అంచుల మధ్య 2, 3 మి.మీ. కన్నా ఎక్కువ తేడా వస్తే పాదం సరిగా నడవడం లేదు. తర్వాత అతుకు మీద అతుకు వచ్చేచోట నెమ్మదిగా ఎక్కించండి. అక్కడ కుట్టు పొట్టిదైతే పాదం ఎత్తు చాలడం లేదన్నమాట.

రెండు సూదుల మధ్య దూరం, అంటే గేజ్, కొనేటప్పుడే తేల్చుకోండి. సీట్లకు పావు అంగుళం (6.4 మి.మీ.) ఎక్కువగా నడుస్తుంది. అతుకు లోపలి అంచులను రెండు పక్కలకు విడదీసి, అతుకును మధ్యలో పెట్టి కుడితే ఒక్కో వరస అతుక్కు 3.2 మి.మీ. దూరంలో పడుతుంది. తర్వాత గేజ్ మార్చాలంటే సూదులు పట్టే బిగింపు, ప్లేటు, పళ్లు, లోపలి పాదం, బయటి పాదం అన్నీ మార్చి, హుక్‌లను (కింద సూది దారాన్ని అందుకునే కొక్కేలను) కూడా జరిపి టైమింగ్, అంటే సూదీ హుక్కూ కలిసే సమయం, మళ్లీ పెట్టాలి. ఒక్క పూటలో తేలే పని కాదు.

పాత సింగిల్ నీడిల్‌ను మాత్రం అమ్మవద్దు. ముక్కలు అతికేది, పైపింగ్ వేసేది దాని మీదే.

ప్రశ్న: మూల తిరిగేచోట లోపలి వరస ముడుచుకుపోతోంది, బయటి వరస కుట్లు పొడవుగా కనిపిస్తున్నాయి. మిషన్ లోపమా?

జవాబు: కాదు, లెక్కే అంత. 6.4 మి.మీ. గేజ్‌తో 90 డిగ్రీలు తిరిగితే బయటి వరస లోపలి దానికన్నా 10 మి.మీ. ఎక్కువ నడవాలి. కుట్ల సంఖ్య మాత్రం రెండింటికీ ఒకటే. లోపలి వరస వంపు 25 మి.మీ. వ్యాసార్ధమైతే లోపల 39 మి.మీ., బయట 49 మి.మీ. రెండు వరసల నడుమ లెక్కకు 6 మి.మీ. కుట్టు పెడితే లోపల 5.3, బయట 6.7 పడుతుంది. కంటికి కొట్టొచ్చినట్టు కనిపించే తేడా ఇది. అదే 100 మి.మీ. వంపులో 157కు 167 కాబట్టి ఎవరికీ తెలియదు. అందుకే డిజైన్ గీసేటప్పుడే వంపు వెడల్పుగా తీసుకోండి. పదునైన మూల తప్పదంటే ఒక సూదిని ఆపగలిగే స్ప్లిట్ బార్ మిషన్ కావాలి. జూకీ ఎల్‌యూ-1565ఎన్ అలాంటిది. ముడుతలకు ఇంకో కారణం అతుకు మడతలో ఫోమ్ ఉండిపోవడం. మడత వరకు ఫోమ్ కోసేసి, వంపు దగ్గర చిన్న చిన్న గాట్లు పెట్టండి.

ప్రశ్న: ఎడమ సూది మాత్రమే కుట్టు తప్పుతోంది. కుడిది బాగానే ఉంది.

జవాబు: రెండు సూదులకూ విడివిడిగా హుక్‌లు ఉంటాయి కాబట్టి ఒకటి చెడి ఇంకొకటి బాగుండడం మామూలే. ముందు సూదులు రెండూ కొత్తవి వేయండి. 6.4 మి.మీ. సందులో హుక్‌లు పట్టవు, అవి సూదులకు బయటి పక్కల ఉంటాయి. అందువల్ల ఎడమ సూది గుంట (కంటి పైన ఒక పక్క ఉండే నొక్కు) ఎడమకి, కుడి సూది గుంట కుడికి తిరిగి ఉండాలి. దారం లోపలి నుంచి బయటికి ఎక్కించాలి. సూదిని పైకంటా తోసి బిగించారా, స్ప్రే గమ్ అంటుకుందా చూడండి. గమ్ అంటిన సూది దారాన్ని లూపు కట్టనివ్వదు. 138 నంబరు దారానికి 140 లేదా 160 సూది వేయాలి. 110 వేస్తే దారం కంటిలో ఇరుక్కుంటుంది.

ఇవన్నీ సరిగా ఉంటే అప్పుడు టైమింగ్ చూడండి. చక్రం చేత్తో తిప్పి, సూది అట్టడుగు నుంచి సుమారు 2 నుంచి 2.5 మి.మీ. లేచినప్పుడు హుక్ మొన సూది మధ్యకు, కంటికి కాస్త పైన రావాలి. రెంటికీ మధ్య పల్చటి కాగితమంత సందు చాలు.

ప్రశ్న: ముందు సీటు పక్కల కూడా జోడు కుట్టు వేయవచ్చా?

జవాబు: ముందు ఆ సీటు వీపు పక్కన ఎయిర్‌బ్యాగ్ అని రాసిన చిన్న ట్యాగ్ ఉందేమో చూడండి. ఉంటే ఆ పక్క అతుకు ముట్టుకోకండి. బ్యాగ్ విచ్చుకోగానే తెగేలా కంపెనీ వాళ్లు ఆ కుట్టు వేస్తారు. దాని మీద 138 దారంతో జోడు కుట్టు వేస్తే ప్రమాదంలో బ్యాగ్ బయటికి రాకపోవచ్చు. కవరు కుట్టినా ఆ పక్క పూర్తిగా తెరిచి ఉంచండి. కస్టమర్ ఎంత పట్టుబట్టినా ఒప్పుకోకండి. లోపలి కవరే చిరిగి ఉంటే ఆ ముక్క కంపెనీ పార్టుగా తెప్పించి వేయించండి.