హిస్టరీ పీహెచ్‌డీ అమ్మాయికి హ్యుమానిటీస్ సెంటర్‌లో ఇంటర్న్‌షిప్: చేరాలా, వద్దా?

ప్రశ్న: మా అమ్మాయి అమెరికాలో హిస్టరీలో పీహెచ్‌డీ చేస్తోంది, ఇప్పుడు రెండో సంవత్సరం. ఈ వేసవికి వాళ్ల యూనివర్సిటీ హ్యుమానిటీస్ (చరిత్ర, సాహిత్యం, తత్వశాస్త్రం లాంటి చదువులు) సెంటర్‌లోనే ఇంటర్న్‌షిప్ వచ్చింది, స్టైపెండ్ మాత్రం తక్కువ. దానికి బదులు డిజిటల్ హ్యుమానిటీస్ (కంప్యూటర్ సాయంతో ఈ చదువుల్లో పరిశోధన చేయడం) సర్టిఫికెట్ చేస్తే ఉద్యోగం తేలిగ్గా దొరుకుతుందని తెలిసినవాళ్లు చెబుతున్నారు. రెండిట్లో ఏది మంచిదో చెప్పగలరా?

జవాబు: రెండిట్లో ఏది మంచిదో చెబుతాను గానీ, మీ అసలు టెన్షన్ అది కాదనిపిస్తోంది. హిస్టరీ చదివిన పిల్ల రేపు ఎలా బతుకుతుందన్నది మీ భయం. ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తుంటాయి, కోర్సు పేరు మారుతుంది తప్ప కంగారు అదే. కాబట్టి ముందు దాని సంగతి చూద్దాం.

ప్రొఫెసర్ ఉద్యోగాలు తగ్గిన మాట నిజం. 2008 మాంద్యం తర్వాత అమెరికాలో హిస్టరీ, సాహిత్యం విభాగాల్లో టెన్యూర్ ట్రాక్, అంటే శాశ్వత ప్రొఫెసర్ పదవికి దారితీసే ఉద్యోగాల ప్రకటనలు బాగా పడిపోయాయి, మళ్లీ ఆ స్థాయికి రాలేదు. పీహెచ్‌డీలో రెండేళ్లు గడిపిన విద్యార్థికి ఈ విషయం తెలియకుండా ఉండదు, డిపార్ట్‌మెంట్‌లో రోజూ వినే మాటే అది. తెలిసీ అక్కడ కష్టపడుతున్న మనిషికి ఇంటి నుంచి ఫోన్ వచ్చిన ప్రతిసారీ ‘ఇంకెప్పుడు సెటిల్ అవుతావు’ అన్న మాట వినపడితే ఎలా ఉంటుందో ఒకసారి ఆలోచించండి. మీ ఉత్తరం అంతా చదివాను, ఆ అమ్మాయికి ఏది ఇష్టమో ఒక్క వాక్యం లేదు. ఆమె ఏ అంశం మీద పరిశోధన చేస్తోందో కూడా మీరు రాయలేదు. మీకు తెలుసా? తెలియకపోతే ఈ రాత్రే అడిగి తెలుసుకోండి. కోపం తెచ్చుకోకండి, ఆ అంశం తెలియకుండా ఏ సలహా ఇచ్చినా అది గాలిలో మాటే.

ఇక సెంటర్ సంగతి. కార్నెల్‌లో 1966 నుంచి, స్టాన్‌ఫర్డ్‌లో 1980 నుంచి ఇలాంటివి ఉన్నాయి, ఇప్పుడు చాలా పెద్ద యూనివర్సిటీల్లో ఏదో ఒక పేరుతో కనిపిస్తాయి. పద్ధతి దాదాపు ఒకటే. కొందరు ప్రొఫెసర్లు, బయటి యూనివర్సిటీల వాళ్లు, డిసర్టేషన్ (పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథం) రాస్తున్న విద్యార్థులు ఫెలోలుగా ఒక ఏడాది పాటు క్లాసుల భారం లేకుండా అక్కడ కూర్చుని రాసుకుంటారు, మధ్యమధ్యలో ఒకరి అధ్యాయం అందరూ చదివి దాని మీద గట్టిగా చర్చిస్తారు. ఇంటర్న్‌గా వెళ్లినవాళ్లు ఉపన్యాసాలు ఏర్పాటు చేస్తారు, న్యూస్‌లెటర్ రాస్తారు, పాడ్‌కాస్ట్ ఎడిట్ చేస్తారు, గ్రాంట్ దరఖాస్తుల డ్రాఫ్టుల్లో చేయి వేస్తారు. వింటే చిన్న పనులే. కానీ పేరున్న ప్రొఫెసర్ తెచ్చిన అధ్యాయాన్ని తోటివాళ్లు విప్పి పరిచినప్పుడు ఆయన ‘ఇది నాకింకా తేలలేదు’ అని ఒప్పుకోవడం ఒక పరిశోధక విద్యార్థి కళ్లారా చూస్తే, తన డ్రాఫ్ట్ బాగోలేదని రాత్రుళ్లు కుమిలిపోవడం చాలావరకు తగ్గుతుంది. పీహెచ్‌డీ మధ్యలో మానేసేవాళ్లలో తెలివి తక్కువై మానేసేవాళ్లు తక్కువ, ఒంటరితనం భరించలేక మానేసేవాళ్లు ఎక్కువ అని నా అనుభవం. పైగా గ్రాంట్ రాయడం వచ్చినవాళ్లకి మ్యూజియాలు, లైబ్రరీలు, యూనివర్సిటీ ప్రెస్‌లు, ఫౌండేషన్లలో పనికొచ్చే అవకాశాలు ఉంటాయి.

సర్టిఫికెట్ విషయంలో నాకు గట్టి అనుమానాలున్నాయి. డిజిటల్ హ్యుమానిటీస్ అనే రంగం మీద కాదు, దాని మీద నాకు గౌరవం ఉంది. రాబర్తో బూసా అనే ఇటాలియన్ మతగురువు 1949లో ఐబీఎం సాయంతో మధ్యయుగపు క్రైస్తవ తత్వవేత్త థామస్ అక్వినాస్ రచనలన్నిటికీ పదసూచిక మొదలుపెట్టి దశాబ్దాల పాటు దాని మీదే ఉన్నాడు. ఒక ప్రశ్న కోసం యంత్రం నేర్చుకోవడం అంటే అది. ఇప్పుడు కొన్నిచోట్ల కాస్త మ్యాపింగ్, కాస్త పైథాన్ చూపించి సర్టిఫికెట్ చేతిలో పెడుతున్నారు. ఆ కాస్తతో కంప్యూటర్ సైన్స్ చదివినవాళ్లతో పోటీపడి ఉద్యోగం తెచ్చుకోవాలంటే కష్టం. ఇంకోటి, వీసా గురించి మీకు చెప్పినవాళ్లు ఇది చెప్పి ఉండరు: ఎఫ్-1 విద్యార్థి వీసా మీద చదివినవాళ్లకి ఓపీటీ, అంటే చదివిన రంగంలో పనిచేసుకునే అనుమతి, 12 నెలలు; స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) డిగ్రీ ఉంటే మరో 24 నెలలు. ఆ పొడిగింపు డిగ్రీని బట్టి వస్తుంది, పక్కన చేసిన సర్టిఫికెట్‌ని బట్టి రాదు. ఆమె పరిశోధనకి వేల ఉత్తరాలో భూమి రికార్డులో విశ్లేషించాల్సి వస్తే అప్పుడు నేర్చుకోనివ్వండి, దానికి చాలా యూనివర్సిటీ లైబ్రరీలే ఉచితంగా వర్క్‌షాపులు పెడతాయి.

ఇంటర్న్‌షిప్‌ని కూడా కళ్లు మూసుకుని ఒప్పుకోమనను. ప్రొఫెసర్ పోస్టుల కొరతని ఇంటర్న్‌షిప్‌లు తీర్చలేవు, తీరుస్తాయన్నట్టు మాట్లాడే డిపార్ట్‌మెంట్లంటే నాకు చిరాకు. మూడు నెలలూ కుర్చీలు సర్దించి పోస్టర్లు అంటింపించే చోటైతే వద్దు. ఎవరి కింద పని, సెమినార్లలో కూర్చోనిస్తారా, తన పేరుతో చూపించుకోదగ్గ పని ఒక్కటైనా బయటికొస్తుందా అని ఆమే అడగాలి. స్టైపెండ్ ఏ నిధుల నుంచి వస్తుందో కూడా అడగాలి, ఎందుకంటే 2025 ఏప్రిల్‌లో ఈ చదువులకి నిధులిచ్చే అమెరికా ప్రభుత్వ సంస్థ నేషనల్ ఎండోమెంట్ ఫర్ ది హ్యుమానిటీస్ చాలా గ్రాంట్లని మధ్యలోనే రద్దు చేసింది, ఆ దెబ్బ ఇలాంటి సెంటర్లకీ తగిలింది.

సొంత యూనివర్సిటీలోనే పని, జీతం కూడా యూనివర్సిటీదే అయితే అది మామూలుగా క్యాంపస్ ఉద్యోగం కిందికి వస్తుంది, సెలవుల్లో పూర్తి సమయం చేయొచ్చు. బయటి సంస్థకి పంపితే సీపీటీ, అంటే చదువులో భాగంగా బయట పనిచేసే అనుమతి కావాలి, పూర్తి సమయం సీపీటీ 12 నెలలు నిండకుండా చూసుకోవాలి, నిండితే అదే డిగ్రీ స్థాయిలో ఓపీటీ పోతుంది. సంతకం పెట్టేముందు ఇంటర్నేషనల్ ఆఫీసులో, తర్వాత తన అడ్వైజర్‌తో మాట్లాడమనండి. జవాబులు సరిగ్గా ఉంటే చేరమనే నా సలహా. స్టైపెండ్ చాలక వేసవి అద్దెకి ఇబ్బంది అయితే, మీకు వీలుంటే ఆ కాస్త మీరు సర్దండి, సర్దినందుకు లెక్కలు మాత్రం అడక్కండి.